ఎనిమిదీ ఎనిమిదీ కలవదూ?

ఆ ఇంటికి అల్లుళ్ళు ఇద్దరు. ఇది పెద్దల్లుడి కథ. అతనికీ అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది కానీ, పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ పేరు అరిగిపోయింది. అత్తవారికి పెద్దల్లుడు, మరదలికి బావగారు, ఆ మరదలి మొగుడికి అన్నయ్య. 'పెద్ద' అన్న ఆ ఒక్క మాటంటే అతనికి ప్రాణం. భోజనాల దగ్గర మొదటి పీట, ఇంట్లో ఏ మంచీచెడూ వచ్చినా మొదటి ఫోను తనకే రావాలి. అవి ఎప్పుడూ వస్తూనే ఉన్నాయి. అందుకే ఏళ్ళ తరబడి అతను ఎంతో మంచివాడిగా చెలామణీ అయ్యాడు.

అతని పని కట్టబోయే భవనాల బొమ్మలు తయారుచేయడం. ఇంకా పునాదైనా తవ్వని ఇంటిని కంప్యూటర్లో నిలబెట్టి, గోడలకు రంగులేసి, కిటికీకి తెర కట్టి, ఆ తెర మీద సాయంత్రపు ఎండ పడినట్టు చూపించాలి. ఆ బొమ్మ చూసి కట్టించేవాళ్ళు తలూపాలి. మొదట్లో అతను ఇవే బొమ్మలు చేత్తో, నీటిరంగులతో వేసేవాడు. ఇప్పుడు అతనికి పనులిచ్చే ఆర్కిటెక్టు మేడమ్ వాళ్ళ నాన్నగారి ఆఫీసులో కిటికీ పక్క బల్ల అతనిది. రోజంతా అక్కడ కూర్చుని ఎండ గోడ మీద ఎలా పాకుతుందో చూసీ చూసీ, వెలుతురు సంగతి అతని చేతికి వచ్చేసింది. ముప్పై నాలుగేళ్ళప్పుడు కుంచె పక్కన పెట్టి, మౌసు పట్టుకుని, తనకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నాడు. పెద్దాయన పోయాక ఆఫీసు మేడమ్‌కి వచ్చింది. మేడమ్ పనులన్నీ ఇతనికి వచ్చాయి. ఇంట్లోనే ముందుగది ఖాళీ చేసి బల్ల వేసుకున్నాడు.

చిన్నల్లుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించేవాడు. ఆ దుకాణం మూతపడింది. అత్తగారు పెద్దల్లుణ్ణి పక్కకి పిలిచి, "బాబూ, మీ తోడల్లుడికి ఏదో ఒక దారి మీరే చూపించాలి" అంది. 'మీరే' అన్న మాటకి మనవాడు పొంగిపోయాడు. తోడల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఏడాదిపాటు పని నేర్పాడు. గోడ లేపడం, నేల పరచడం, దీపం ఎక్కడ పెడితే నీడ ఎటు పడుతుందో, అన్నీ. మేడమ్‌కి పరిచయం కూడా తనే చేశాడు. అప్పట్లో అతని మనసులో కుళ్ళన్నది మచ్చుకైనా లేదు. తన కింద నిలబడి తల పైకెత్తి చూసేవాణ్ణి చూసి ఎవరికి మాత్రం కుళ్ళు పుడుతుంది?

చిన్నల్లుడు కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. కథంతా అక్కడ మొదలైంది.

ఈ కార్డు సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుంటే సరిపోతుంది. కంప్యూటర్లో కట్టిన ఇంటిని లెక్కలన్నీ కట్టి బొమ్మగా బయటికి తీసేది ఆ కార్డే. అది ఎంత చురుగ్గా ఉంటే బొమ్మ అంత తొందరగా వస్తుంది. దానికో మెమరీ ఉంటుంది. బొమ్మలో ఉన్న గోడలూ చెట్లూ కుర్చీలూ అన్నీ ఆ మెమరీలో పట్టాలి, పట్టకపోతే బొమ్మ రాదు. పెద్దల్లుడిది అప్పటికి ఐదేళ్ళ పాత కార్డు, మెమరీ ఎనిమిది జీబీ. చిన్నల్లుడు కొన్నది ఆ ఏడాదే వచ్చింది, పన్నెండు.

ఈ వార్త పెద్దల్లుడి భార్య మోసుకొచ్చింది. చెల్లెలింటికి వెళ్ళొచ్చి, చెప్పులైనా విడవకుండా అంది: "వాళ్ళింట్లో కంప్యూటర్ నడుస్తోందో లేదో కూడా తెలియడం లేదండీ. ఉస్సూ లేదు, బుస్సూ లేదు. మన గదిలోకెళితే పిండిమరలోకి వెళ్ళినట్టుంటుంది."

పెద్దల్లుడు విననట్టు నటించాడు. మర్నాడు ఏదో ఫైలు కావాలని వంక పెట్టుకుని తోడల్లుడింటికి వెళ్ళాడు. చిన్నల్లుడు మర్యాదగా కుర్చీ వేసి, తను చేస్తున్న ఇంటిని తెర మీద ఇటూ అటూ తిప్పి చూపించాడు. చెయ్యి ఎటు కదిలితే ఇల్లు అటు కదిలింది. పెద్దల్లుడి కంప్యూటర్లో అదే ఇంటిని తిప్పితే, అది కాస్సేపు ఆలోచించి, ఆవలించి, అప్పుడు తిరిగేది.

"ఎలా ఉందన్నయ్యా?" అన్నాడు చిన్నల్లుడు.

"బాగానే ఉంది."

బాగుంది వేరు, బాగానే ఉంది వేరు. ఆ దీర్ఘంలో ఎంత విషం పట్టిందో ఇద్దరికీ తెలుసు. ఇంటికొచ్చే దారి పొడుగునా పెద్దల్లుడు లోలోపల తిట్టుకుంటూనే నడిచాడు. నిన్నగాక మొన్న వచ్చినవాడు. కిటికీ ఎటు పెట్టాలో తను చెబితేగాని తెలియనివాడు. కళ్ళజోళ్ళు బిగించుకునేవాడు. వాడి గదిలో చప్పుడు లేకపోవడం తన చెవుల్లో హోరెత్తింది.

ఇప్పుడతని ముందు రెండు దారులున్నాయి. పాత కార్డు తీసేసి చిన్నల్లుడి దగ్గరున్నలాంటి కొత్తది ఒకటి కొనడం. లేదంటే తన పాత కార్డుకి తోడుగా అలాంటిదే ఇంకొకటి పాతదే సంపాదించి, రెండింటినీ పక్కపక్కన బిగించడం. ఇదే సందేహం మీకొస్తే పని చూసుకుని తేల్చుకుంటారు. మనవాడు మూడు రోజులు కాగితం మీద గీతలు గీసి, ఇటు ఐదు కారణాలు, అటు ఐదు కారణాలు రాసి, చివరికి ఏ కాగితం మీదా రాయని కారణంతో తేల్చుకున్నాడు. అదే కార్డు తనూ కొంటే, చిన్నల్లుణ్ణి చూసి కొన్నాడంటారు. అత్తగారు అనదు, భార్య అనదు, కానీ అనుకుంటారు. ఆ అనుకోవడం ఊహించుకుంటేనే అతనికి తల కొట్టేసినట్టయింది.

బజారు చివర కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఒకడున్నాడు. చేతులు రెండూ ఎప్పుడూ ఏదో ఒక పెట్టె లోపలే ఉంటాయి గనక, ఊడదీసిన మరమేకులన్నీ పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడతాడు. అలవాటున్నవాళ్ళకే అర్థమవుతుంది. పెద్దల్లుడు వెళ్ళి సంగతి చెప్పాడు.

"కొత్తది ఒక్కటి పెట్టుకోండి సార్. ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు రిపేరాయన, మరల సందులోంచి.

ప్రశాంతం అన్న మాటకి పెద్దల్లుడికి ఒళ్ళు మండింది. "రెండు పాతవి పెడితే పని తొందరగా అవదా?"

"అవుతుంది. చిన్న పనులకైతే కొత్తదానికన్నా తొందరగానే అవుతుంది."

"మరి మెమరీ? ఎనిమిదీ ఎనిమిదీ కలిసి పదహారు అవుతుంది కదా?"

అప్పుడు రిపేరాయన పెదాల మధ్య నాలుగు మరలున్నాయి. ఒకటి జారబోతే నాలుకతో పట్టుకుంటూ జవాబిచ్చాడు. అతనన్నది 'కలవదు సార్' అని. మరను పట్టుకునే హడావిడిలో ఆ చివరి అక్షరం కాస్త సాగింది. పెద్దల్లుడి చెవికి 'కలవదూ సార్' అని వినబడింది. కలవకుండా ఎక్కడికి పోతుంది, ఇది కూడా అడగాలా అన్నట్టు. అతనికి కావలసింది కూడా అదే. పదహారు. పన్నెండు మీద నాలుగు ఎక్కువ. రెండోసారి అడగలేదు. అడిగితే ఆ పదహారు ఎక్కడ తగ్గిపోతుందోనన్న భయం ఒకటి లోపల ఉండే ఉంటుంది.

రెండో కార్డు వచ్చింది. రెండూ కలిసి మొదలయ్యేసరికి ముందుగది వాటి ఫ్యాన్ల గాలికి ఊగిపోయింది. కూతురు తడిసిన మేజోళ్ళు తెచ్చి పెట్టె వెనక ఆరేసింది, అరగంటలో ఆరిపోయాయి. భార్య వంటింట్లోంచి ఏదైనా చెప్పాలంటే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. బొమ్మలు నిజంగానే పరుగెత్తుకొచ్చాయి. గంట పట్టే గది అరగంటలో బయటికొచ్చింది. చిన్నల్లుడి కొత్త కార్డుకి నలభై నిమిషాలు పడుతుందని మరదలి ద్వారా ఆరా తీశాడు. ఆ పది నిమిషాల తేడా అతనికి పదిరోజులు నిద్ర పట్టించింది.

ఆ తర్వాతి ఆదివారం అత్తవారింట్లో అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఎవరూ అడక్కుండానే పెద్దల్లుడు కార్డుల మాట ఎత్తాడు.

"నాది ఇప్పుడు పదహారయింది. నీది పన్నెండేగా, తమ్ముడూ?"

చిన్నల్లుడు చేతిలో ముద్ద కలుపుతూ ఆగాడు. అన్నగారి మొహం చూశాడు, కంచంలోకి చూశాడు. "మంచిది అన్నయ్యా" అన్నాడు.

"మా పెద్దల్లుడు ఏం చేసినా ముందుచూపుతో చేస్తాడు" అంది అత్తగారు. ఆమెకి పదహారంటే ఏమిటో, పన్నెండంటే ఏమిటో తెలియదు. పదహారు పెద్దదని తెలుసు. మనవాడు రెండోసారి వడ్డించమన్నాడు.

నెల తిరక్కుండా మేడమ్ ఇద్దరినీ పిలిచింది. బల్ల మీద పిల్లల ఆస్పత్రి ప్లాను పరిచి ఉంది. నాలుగు అంతస్తులు, మధ్యలో తోట, మూడొందల మంచాలు. గేటు దగ్గర మొదలై, తోట దాటి, మెట్లెక్కి, పిల్లల వార్డు దాకా నడిచి వెళ్ళినట్టు కదిలే బొమ్మ కావాలి. ముక్కలు చేయడానికి వీల్లేదు, మొత్తం ఒకే బొమ్మ.

"ఇది ఒక్కరికే ఇస్తాను" అంది మేడమ్. "ఇది ఎవరు చేస్తే ఇకమీదట పెద్ద పనులన్నీ వాళ్ళవే. రెండోవాళ్ళకి విడి ఇళ్ళ బొమ్మలు ఉంటాయి. మెమరీ పదికి పైనే కావాలని మా ఇంజనీరు చెప్పాడు. ఎవరిది ఎంత?"

"పన్నెండు మేడమ్" అన్నాడు చిన్నల్లుడు.

"పదహారు" అన్నాడు పెద్దల్లుడు.

మేడమ్ ప్లాను చుట్టి పెద్దల్లుడి చేతికిచ్చింది. చిన్నల్లుడు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఆ తెరిచి మూసిన నోరు చూసి పెద్దల్లుడికి కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. మెట్లు దిగుతూ తోడల్లుడి వీపు తట్టి, "ఏం పరవాలేదులే" అని కూడా అన్నాడు. అలా అనడానికి ఎన్నాళ్ళు ఎదురుచూశాడో.

పన్నెండు రోజులు ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. ఒక్కో మంచం మీద దుప్పటి మడత వేరుగా పెట్టాడు. వార్డు కిటికీలోంచి పొద్దుటి ఎండ వచ్చి నేల మీద పాకి, చివరి మంచం కోడు దగ్గర ఆగేలా అమర్చాడు. మేడమ్‌కి చూపించడానికి ఇంకా రెండు రోజులు ఉందనగా, పొద్దున్నే స్నానం చేసి వచ్చి, బొమ్మ బయటికి తీయమని మీట నొక్కాడు. కార్డులు రెండూ రొద మొదలుపెట్టి, రెండు నిమిషాల్లో చల్లబడ్డాయి. తెర మీద ఎర్రటి వాక్యం ఒకటి వచ్చింది. మెమరీ చాలలేదు.

రిపేరాయనకి ఫోన్ చేశాడు. "పదహారు ఉండగా చాలలేదంటుందేమిటయ్యా?"

"పదహారెక్కడిది సార్? కలవదు అని ఆ రోజే చెప్పానుగా."

"కలవదూ అన్నావు."

"కలవంది కలవదంటాను గానీ కలవదూ అని ఎందుకంటాను సార్?" అన్నాడతను. ఆ రోజు పెదాల మధ్య మరలేమీ లేవు కాబోలు, ప్రతి అక్షరం స్పష్టంగా వినబడింది. "రెండు కార్డులంటే ఇద్దరు పనివాళ్ళనుకోండి. ఇద్దరి బల్లల మీదా మొత్తం బొమ్మ పరవాల్సిందే. సగం వాడి బల్ల మీద, సగం వీడి బల్ల మీద అంటే కుదరదు. బల్ల ఎనిమిదైతే ఎనిమిదే. పని మాత్రం ఇద్దరూ పంచుకుంటారు, అందుకే తొందరగా అవుతుంది."

కొత్త కార్డు తెప్పించాలంటే వారం పడుతుందట. పెద్దల్లుడు బొమ్మలోంచి చెట్లు పీకాడు. మళ్ళీ నొక్కాడు, చాలలేదు. తోట తీసేశాడు, చాలలేదు. మంచాలు తీయబోయి ఆగాడు. పిల్లల ఆస్పత్రిలో మంచాలే లేకపోతే ఇక చూపించడానికేం ఉంటుంది? అప్పుడు గుర్తొచ్చింది అతనికి, మేడమ్ గదిలో చిన్నల్లుడు తెరిచి మూసిన నోరు. వీడికి తెలుసు, అనుకున్నాడు. తెలిసి, నేను గోతిలో పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఎండలో నడిచి తోడల్లుడింటికి వెళ్ళాడు. మరదలు మంచినీళ్ళు తెచ్చి ఇవ్వబోతే వద్దని, నేరుగా గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"నాది పదహారు కాదని నీకు తెలుసా?"

చిన్నల్లుడు కుర్చీలోంచి లేచాడు. "తెలుసు అన్నయ్యా. ఆ రోజు భోజనాల దగ్గరే తెలుసు."

"మరి చెప్పి చావలేదేం?"

"చెబితే నమ్మేవారా? ఓర్వలేక అంటున్నాడనుకునేవారు."

నిజమే, పెద్దల్లుడు అలాగే అనుకునేవాడు. అయినా వదల్లేదు. "సరే, అక్కడ అందరూ ఉన్నారు. మేడమ్ గది బయటికొచ్చాక మెట్ల మీద ఇద్దరమే ఉన్నాం. అప్పుడేమైంది నీ నోటికి?"

చిన్నల్లుడు తల వంచుకున్నాడు. "ఓర్వలేకే చెప్పలేదు" అన్నాడు.

"ఏమిటీ?"

"మీ బొమ్మ చూసేటప్పుడు మేడమ్ కుర్చీలో ముందుకి వంగుతుంది. నా బొమ్మ చూసేటప్పుడు వెనక్కి ఆనుకుంటుంది. మీరు పెట్టిన చోటే దీపం పెడతాను, మీరు చెప్పిన కొలతే వేస్తాను, ఆ వెలుతురు రాదు. కడుపు మండిపోయేది. ఒక్కసారి మీరు బోల్తాపడితే చూడాలనిపించింది. తప్పే అన్నయ్యా."

ఇంకొకరైతే అక్కడికక్కడే చెంప పగలగొట్టేవారు. మనవాడికి మాత్రం ఆ కొత్త కార్డు చూసిన నాటినుంచీ మండుతున్న కడుపు ఒక్కసారిగా చల్లబడింది. చెవుల్ని నమ్మలేక, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

"మొదట్నుంచీ."

"మొదట్నుంచీ అంటే, ఆ కార్డు కొన్నాక కూడానా?"

"కార్డు కొన్నదే అందుకన్నయ్యా."

పెద్దల్లుడు ఆ మాటను ఇంకోసారి చెప్పించుకోవాలనుకున్నాడు గానీ, బాగుండదని ఊరుకున్నాడు. ఆ ఊపులో ఫోన్ తీసి మేడమ్‌కి చేశాడు. తన దగ్గరున్నది పదహారు కాదు ఎనిమిదేనని, తనకి తెలియక చెప్పానని, బొమ్మ సిద్ధంగా ఉంది గానీ అది తమ్ముడి కంప్యూటర్లోనే బయటికొస్తుందని ఒక్క గుక్కలో చెప్పేశాడు. "సంతోషమండీ, ఇప్పటికైనా చెప్పారు" అంది మేడమ్. "పని ఆయనకి ఇచ్చేయండి. ఇక పెద్దవన్నీ ఆయన్నే చూసుకోమనండి." అంత పెద్ద పని అంత తేలిగ్గా చెయ్యి జారిపోతుంటే, అతనికి ఆ నిమిషంలో చీమ కుట్టినట్టైనా అనిపించలేదు. ఫైళ్ళన్నీ చిన్నల్లుడి కంప్యూటర్లోకి ఎక్కించి, భుజం మీద చెయ్యి వేసి, మరదలు మళ్ళీ తెచ్చిన మంచినీళ్ళు తాగి బయల్దేరాడు.

ఇంటికి పావుగంట నడక. అతను ఆ పావుగంటా గాల్లో నడిచాడు. నన్ను చూసి కుళ్ళుకున్నాడు. పన్నెండు మెమరీ పెట్టుకుని, చప్పుడు రాని గదిలో కూర్చుని, నన్ను చూసి కుళ్ళుకున్నాడు. ఎదురొచ్చిన పోస్టుమ్యాన్‌ని పలకరించి ఆరోగ్యం అడిగాడు.

గుమ్మంలోకి వచ్చేసరికి భార్య అప్పుడే ఫోన్ పెట్టేస్తోంది.

"పని ఆయనకి ఇచ్చేశారటగా" అంది.

"అప్పుడే తెలిసిపోయిందీ?"

"చెల్లి చెప్పింది."

పెద్దల్లుడు చెప్పులు విడుస్తూ, ఏదో చిన్న సంగతన్నట్టు అన్నాడు: "నీకో మాట చెప్పనా? వాడు ఇన్నాళ్ళూ నన్ను చూసి కుళ్ళుకునేవాడట."

"తెలుసు. చెల్లి చెబుతూనే ఉండేది."

"మరి నాతో ఒక్క ముక్కైనా అనలేదేం?"

"అంటే ఇక మిమ్మల్ని పట్టగలమా?"

అతను హాయిగా నవ్వాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె తనని ఇంత బాగా అర్థం చేసుకున్నందుకు ముచ్చటేసింది కూడా. "ఇంకా ఏమంది మీ చెల్లి?" అన్నాడు, ఇంకో రెండు మాటలు దొరుకుతాయేమోనని.

"ఏముంది? మీరు వెళ్ళిన దగ్గర్నుంచీ ఆయన పని ముట్టుకోలేదట. మీ గురించే అంటున్నాడట. అన్నయ్య ఈ వయసులో, నా ఎదుటే, మేడమ్‌కి అలా ఒప్పుకోవలసి వచ్చింది, పాపం అని."

"ఏమన్నాడు?"

"పాపం అన్నాడట."

పెద్దల్లుడు గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. భార్య ఇంకా ఏదో చెబుతోంది. ఆయన మనసు ఇప్పుడు తేలికపడిందట, ఇన్నాళ్ళకి అన్నయ్య మీద తనకి ఏ చెడ్డ ఆలోచనా లేదన్నాడట. చిన్నల్లుడి కుళ్ళంతా ఒక్క మధ్యాహ్నంలో వదిలిపోయి, జాలి మిగిలింది. ఎంత తేలిగ్గా వదిలించుకున్నాడో చూడు, అనుకున్నాడు పెద్దల్లుడు, పళ్ళు నూరుకుంటూ.